రాజపోషకుడు: రాజైన పోషకుడా, రాజును పోషించేవాడా?

ప్రశ్న: సాహిత్య సంస్థల ఆహ్వానాల్లో, గ్రంథాలయాల రసీదుల్లో దాతల పేర్లు "మహారాజపోషకులు, రాజపోషకులు, పోషకులు" అని మెట్లు మెట్లుగా వేస్తారు కదా. "రాజపోషకుడు"కి విగ్రహవాక్యం (సమాసాన్ని విడదీసి చెప్పే మాట) ఏమిటండీ?

జవాబు: వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది. రాజర్షి అంటే రాజైన ఋషి. రాజగురువు అంటే రాజుకు గురువు. ఇక్కడ వాడుక మొదటి దారిలోనే ఉంది: ఎక్కువ ఇచ్చిన దాత రాజంతటివాడని గౌరవం.

ఒకప్పుడు ఆ పోషకులు నిజంగా రాజులే. పిఠాపురం మహారాజా సూర్యారావు గారు కాకినాడ కాలేజీని పోషించారు, అనాథాశ్రమం పెట్టించారు. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన నిఘంటువుకి ఖర్చు భరించారు. అందుకే అది సూర్యరాయాంధ్ర నిఘంటువు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఈ రోజుకీ అది లేకుండా నాకు పని జరగదు. కానీ పరిషత్తుది గ్రాంథిక పక్షం, నిఘంటువుకి ప్రమాణం కావ్యభాష. రైతులు, నేతపనివారు రోజూ పలికే మాటలు ఎన్నో అందులోకి రాలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పోషణ ఎటు మొగ్గితే భాషలో ఆ పాయే బలిసింది.

మరొకరు: పోషణంతా గ్రాంథికం వైపే లేదు మాస్టారూ. విజయనగరం ఆనందగజపతి అండ గురజాడకి ఉంది, కన్యాశుల్కం ఆయనకే అంకితం. వాడుక భాషకి అంత పెద్ద మేలు చేసిన సంస్థానం మరొకటి ఉందా?

జవాబు: నిజమేనండీ, ఆ మాట నేనే చెప్పాల్సింది. అయితే రెండు చోట్లా ఒక్క మనిషి అభిరుచే తీర్పయింది. రాజకీయంలోనూ అంతే. బొబ్బిలి రాజా 1932లో మద్రాసు ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. ఆయనతో పొసగక పిఠాపురం రాజా 1936లో పీపుల్స్ పార్టీ పెట్టారు. పర్లాకిమిడి రాజా ఒడిశా రాష్ట్రం కోసం పనిచేశారు. అదే 1936లో పర్లాకిమిడి అటు కలిస్తే, అక్కడి రాజావారి బడిలో ఏళ్లకేళ్లు చదువు చెప్పిన గిడుగు రామమూర్తి గారు ఊరొదిలి రాజమండ్రి వచ్చేశారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. సంస్థానాలు పోయాయి, బిరుదు మాత్రం రసీదు పుస్తకాల్లో నిలిచింది.

రెండో విగ్రహవాక్యం, "రాజును పోషించేవాడు", ఇప్పుడు పార్టీలకి చందాలిచ్చేవారికి సరిపోతుంది. ఎన్నికల బాండ్లలో ఆ పేర్లు జనానికి కనిపించేవి కావు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మహారాజపోషకుడి పేరు కనీసం ఆహ్వానం మీద అచ్చవుతుంది. ఎవరు ఎంత ఇచ్చారో జనానికి తెలియాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. జమీందారు కాని దాతని మొదటిసారి "రాజపోషకుడు" అన్నది ఎప్పుడో? పాత గ్రంథాలయాల వార్షిక నివేదికలు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టరూ?