లినక్స్‌లో మినిమల్ డెస్క్‌టాప్ అంటే ఏవి తప్పనిసరి?

పాతటెర్మినల్:
ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మినిమల్ అని ఎంచుకున్నా ప్రింటింగ్ కోసం కప్స్, బ్లూటూత్, మెయిల్ క్లయింట్ అన్నీ వచ్చి కూర్చుంటున్నాయి. నా లెక్కలో వేలాండ్ కాంపోజిటర్ (తెర మీద విండోలు చూపించేది), లాగిన్ మేనేజర్, టెర్మినల్, సాఫ్ట్‌వేర్ తెచ్చి వేసే ప్యాకేజీ మేనేజర్ ఉంటే చాలు. మిగతావి కావలసినవాళ్లు వేసుకుంటారు.

కిటికీరెక్క:
దేంతో వేసుకుంటారండీ? వైఫై తప్ప వేరే దారి లేని ల్యాప్‌టాప్‌లో వైఫై చిప్‌ని నడిపే ఫర్మ్‌వేర్, నెట్‌కి కలిపే నెట్‌వర్క్‌మేనేజర్ లేకపోతే మీ ప్యాకేజీ మేనేజర్ ఉండీ ఉపయోగం లేదు.

పాతటెర్మినల్:
నెట్‌వర్క్‌మేనేజర్‌ని తప్పనిసరి చేస్తే ఏమవుతుందో డెబియన్ లినక్స్ ఎప్పుడో చూసింది. నెట్‌వర్క్‌ని వేరే పద్ధతిలో నడుపుకునేవాళ్లకు గ్నోమ్ డెస్క్‌టాప్‌తో పాటు అదీ అంటగట్టినట్టయింది. 2012లో డెబియన్ టెక్నికల్ కమిటీ కలగజేసుకుని, గ్నోమ్-కోర్ (గ్నోమ్ ముఖ్య భాగాలన్నీ ఒకేసారి తెచ్చే మెటాప్యాకేజీ) దాన్ని డిపెండ్స్‌లో, అంటే తప్పనిసరి జాబితాలో కాకుండా, రికమెండ్స్‌లో, అంటే సిఫారసు జాబితాలో పెట్టాలని తేల్చింది.

మెటాప్యాకేజీ:
పాతటెర్మినల్ గారూ, ఆ తీర్పు మీ వాదనకంటే కిటికీరెక్క గారి వాదనకే దగ్గర. కమిటీ దాన్ని తీసేయమనలేదు కదా. డిపెండ్స్‌లో ఉన్నదాన్ని తీస్తే గ్నోమ్-కోర్ లాంటి ఆ మెటాప్యాకేజీ కూడా పోతుంది. రికమెండ్స్‌లో ఉన్నది డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్‌తో మామూలుగా వచ్చేస్తుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు. "మొదట్లో ఏది ఉండాలి", "ఏది తీయకూడదు" అనేవి వేర్వేరు ప్రశ్నలు. మనం రెండిటినీ కలిపేసి కొట్టుకుంటున్నాం.

మొదటిదానికి నేను పెట్టుకునే పరీక్ష ఒక్కటే: అది లేకపోతే, అదే డెస్క్‌టాప్‌లో కూర్చుని దాన్ని తెచ్చుకోగలమా? కప్స్, మెయిల్ క్లయింట్ తెచ్చుకోవచ్చు, కాబట్టి తీసేయండి. నెట్‌వర్క్ లేకుండా నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ రాదు. ఓర్కా స్క్రీన్ రీడర్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చూపు లేని మనిషిని "ఆ విండో తెరిచి ఇన్‌స్టాల్ చేసుకోండి" అని ఎలా అంటాం? డిస్క్‌లో కాస్త చోటు కోసం దాన్ని తీసేయడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

అందరూ మరిచిపోయేది పోల్‌కిట్ ఏజెంట్, అంటే అడ్మిన్ అనుమతి కావలసిన పనికి పాస్‌వర్డ్ అడిగేది. గ్నోమ్ షెల్‌లో అది లోపలే ఉంటుంది, స్వే లాంటి చిన్న కాంపోజిటర్లలో విడిగా పెట్టాలి. లేకపోతే పాస్‌వర్డ్ అడిగే విండో రాదు, గ్రాఫికల్ సాఫ్ట్‌వేర్ టూల్ అనుమతి లేదని ఆగిపోతుంది. కొత్తవాడికి కారణం తట్టదు. వేలాండ్‌లో స్క్రీన్ షేరింగ్ లాంటివి యాప్‌లకు అందించే ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ కూడా అంతే: బ్రౌజర్‌లో స్క్రీన్ షేర్ కాకపోతే నింద బ్రౌజర్ మీద పడుతుంది. అయితే దీన్ని తర్వాత తెచ్చుకోవచ్చు. నా పరీక్ష ప్రకారం తప్పనిసరి కాదు, రికమెండ్స్ చాలు.

పాతటెర్మినల్:
ఆ పరీక్ష ప్రకారం బ్లూటూత్ కూడా పోవాలి కదా?

కిటికీరెక్క:
కీబోర్డ్, మౌస్ రెండూ బ్లూటూత్‌వే అయితే? లాగిన్ పాస్‌వర్డ్ కూడా కొట్టలేరు.

పాతటెర్మినల్:
సరే, బ్లూటూత్ ఉండనివ్వండి, రికమెండ్స్‌లోనే. మెయిల్ క్లయింట్ మాత్రం వద్దు. ఉబుంటు 23.10 నుంచి ఇన్‌స్టాలర్‌లో చిన్న ఇన్‌స్టాలేషనే డీఫాల్ట్. ఆఫీస్ సూట్ కావలసినవాళ్లు తర్వాత వేసుకుంటున్నారు.

మెటాప్యాకేజీ:
మెయిల్ విషయంలో నాకూ అభ్యంతరం లేదు. ఫాంట్ల సంగతి మాత్రం తేలలేదు. ఇన్‌స్టాల్‌లో ఎంచుకున్న భాషకు ఫాంట్ లేకపోతే మెనూలన్నీ డబ్బాలే, ఇక ఏది నొక్కాలో ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క భాష ఫాంట్‌ని నేనైతే డిపెండ్స్‌లోనే పెడతాను.