ప్లస్ సైజ్ మోడల్ అంటే ఏ కొలత నుంచి లెక్క? నేను రెంటికీ చెడ్డానా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అక్కలూ, అన్నలూ, ఒక సందేహం. నాకు 23 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. కుర్తీ కొంటే ఎక్స్‌ఎల్, ఒక్కో షాపులో డబుల్ ఎక్స్‌ఎల్. మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో ఫొటోలు తీసినాయన "ప్లస్ సైజ్ మోడలింగ్‌కి ట్రై చెయ్యమ్మా" అంటే హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి వెళ్లాను. "మామూలు మోడలింగ్‌కి లావు, ప్లస్ సైజ్‌కి సన్నం" అన్నారు. అంత మాట అని కూడా పోర్ట్‌ఫోలియోకి (మోడల్ ఫొటోల ఆల్బమ్‌కి) 40 వేలు కట్టమన్నారు!

అసలు ప్లస్ సైజ్ ఎక్కడ మొదలవుతుంది? దీనికోసం బరువు పెరగాలా? బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) సర్టిఫికెట్ కూడా అడుగుతారని మా ఫ్రెండ్ అంటోంది, నిజమేనా?

జవాబు (కేటలాగ్ షూట్లకి స్టైలింగ్ చేస్తాను)

ముందు ఆ 40 వేలు కట్టకు తల్లీ. పని ఇప్పించి, వచ్చిన డబ్బులో కమిషన్ తీసుకునేదాన్నే ఏజెన్సీ అంటారు. పనికిరావని చెప్పి డబ్బడిగే చోట ఫొటోల వ్యాపారం నడుస్తున్నట్టు.

ఇక కొలతల సంగతి. బ్లౌజు కుట్టించడానికి ఆది జాకెట్టు ఇస్తాం కదా, ఇక్కడ అది తిరగబడుతుంది. బట్టల కంపెనీ సరుకంతా తయారుచేయకముందే ఒక పీసు కుట్టిస్తుంది. శాంపిల్ అంటారు. ఆ ఆదికి సరిపోయే మనిషిని వెతుకుతారు. ర్యాంప్ మీద నడిచేవాళ్లంతా ఒకే అచ్చులో పోసినట్టు ఉండటానికి పెద్ద కారణం ఇదే. డ్రెస్సు ముందే తయారుగా ఉంటుంది, రేపు ఎవరు నడుస్తారో తెలీదు. ఎవరికి వేసినా పట్టాలి. ర్యాంప్ శాంపిల్ ఎక్కువగా అమెరికా సైజుల్లో 0 నుంచి 4 మధ్య ఉంటుంది. అంటే దాదాపు చెస్ట్ 32-34, నడుము 24-25, హిప్ 34-35 అంగుళాలు, ఎత్తు 5 అడుగుల 9 పైన.

అమెరికా ఏజెన్సీల ప్లస్ సైజ్ విభాగాల్లో ఎక్కువమంది 12 నుంచి 18 సైజుల వాళ్లు. ఎత్తు మాత్రం 5 అడుగుల 8 ఉండాల్సిందే అంటారు. 8, 10 సైజుల అమ్మాయిల్ని కూడా ప్లస్ బోర్డు మీద (ఏజెన్సీ ప్లస్ మోడళ్ల జాబితాలో) పెట్టి, లోపల ప్యాడ్లు కట్టి షూట్ చేసిన రోజులున్నాయి, ఆ మోడళ్లే బయటికొచ్చి చెప్పారు. మొహం సన్నగా, కింద నిండుగా కనిపించాలట!

మన దగ్గర ఏ బ్రాండు లెక్క దానిది. ఒకరికి డబుల్ ఎక్స్‌ఎల్ నుంచి ప్లస్, ఇంకొకరికి త్రీ ఎక్స్‌ఎల్ నుంచి. నిన్ను సన్నం అన్నవాళ్ల దగ్గర శాంపిల్ త్రీ ఎక్స్‌ఎల్‌లో ఉండి ఉంటుంది. అందులో నువ్వు ఈదాలి. మేమైతే అలాంటప్పుడు వెనక క్లిప్పులు పెట్టి లాగేస్తాం. ముందు నుంచి చూస్తే కొలిచి కుట్టినట్టుంటుంది, తిరిగి నిలబడితే వీపంతా క్లిప్పులే. కాబట్టి ఎక్స్‌ఎల్ అని కాదు, అంగుళాల్లో చెప్పు.

జవాబు (గుంటూరు, 18 ఏళ్లుగా లేడీస్ టైలరింగ్)

కొలిచేటప్పుడు ఒక మాటమ్మా. కుర్తీ మీద టేపు పెట్టకు. ఒంటికి అతుక్కునే పల్చటి బనీను, లెగ్గింగ్ వేసుకో. చెస్ట్ నిండైన చోట, టేపు వీపు మీద కిందికి జారకుండా అద్దంలో చూసుకో. నడుము అంటే నువ్వు చీర దోపుకునే చోటు కాదు. పక్కకి వంగు, ఎక్కడ మడత పడిందో అదే నడుము. హిప్ అంటే సీటు నిండైన చోట, కాళ్లు దగ్గరగా పెట్టి. ఊపిరి బిగబట్టద్దు. మా షాపుకొచ్చే వాళ్లలో సగంమంది టేపు చూడగానే పొట్ట లోపలికి లాగేస్తారు, తర్వాత జాకెట్టు బిగుతైందని నన్నే అంటారు.

మనం కుట్టేటప్పుడు లూజు కలుపుతాం. నువ్వు రాసిచ్చే కొలతలో లూజు కలపకూడదు.

అడిగినవారు

ఇప్పుడే అమ్మ చేత కొలిపించా. చెస్ట్ 41, నడుము 34, హిప్ 44. (చీర దోపుకునే చోట 38 వచ్చింది, భయపడ్డా!)

కేటలాగ్ స్టైలిస్ట్

అయితే అమెరికా లెక్కలో దాదాపు 14, బ్రిటన్ లెక్కలో 18. అక్కడి చార్టుల ప్రకారం నువ్వు ప్లస్ మధ్యలోనే ఉన్నావు, ఎత్తే ఒక అంగుళం తక్కువ. ఆన్‌లైన్ కేటలాగులకి ఆ అంగుళం ఎవరూ పట్టించుకోరు. బరువు పెరగడం, తగ్గడం రెండూ వద్దు. కొలత నిలకడగా ఉండటమే ఈ పనిలో ముఖ్యం. ఫిట్టింగ్‌కీ షూట్‌కీ మధ్య రెండు అంగుళాలు మారితే మళ్లీ పిలవరు.

జవాబు (ఫ్యాషన్ చదువుతున్నాను, ప్రస్తుతం పారిస్)

సర్టిఫికెట్ మాట నిజమే కానీ మన దేశానిది కాదు, పైగా అది మరీ సన్నబడినవాళ్ల కోసం పెట్టింది. 2006లో మాడ్రిడ్ ఫ్యాషన్ వీక్ బీఎంఐ 18 కంటే తక్కువున్న మోడళ్లని వద్దంది. అదే ఏడాది ఉరుగ్వేకి చెందిన లూయిసెల్ రామోస్, బ్రెజిల్‌కి చెందిన అనా కరోలినా రెస్టన్ అనే ఇద్దరు మోడళ్లు మరీ సన్నబడి చనిపోయారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ చట్టమే చేసింది, 2013 నుంచి కనీసం 18.5 ఉండాలి. 5 అడుగుల 9 అంగుళాల మనిషికి అది దాదాపు 57 కిలోలు. ఇక్కడ ఫ్రాన్స్‌లో 2017 నుంచి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఒళ్లు సన్నగానో లావుగానో కనిపించేలా ఫొటో దిద్దితే ఆ సంగతి ప్రకటన మీద రాయాలి. అదే ఏడాది ఎల్‌వీఎంహెచ్, కెరింగ్ అనే పెద్ద ఫ్యాషన్ కంపెనీల గ్రూపులు ఫ్రెంచ్ సైజు 32 మోడళ్లని తీసుకోబోమన్నాయి. 32 అంటే అమెరికా 0.

జవాబు

ఏమీ అనుకోవద్దు, ఇలా లావుని ప్రోత్సహించడం ఆరోగ్యానికి మంచిదేనా?

గుంటూరు టైలర్

బాబూ, ఆ అమ్మాయి బట్టలు చూపించడానికి వెళ్తోంది. 44 చెస్ట్ ఉన్న ఆవిడ డ్రెస్సు కొనాలంటే 32 అమ్మాయి మీద చూసి ఏం తెలుస్తుంది? నా దగ్గరికొచ్చే కేసులన్నీ అవే. "ఫొటోలో ఒకలా ఉంది, నాకు చంకలో పట్టేసింది" అంటూ వస్తారు.

మన రెడీమేడ్ సైజులు కూడా చాలావరకు అరువు తెచ్చుకున్నవే. అందుకే నిఫ్ట్ (ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ) వాళ్లు ఇండియాసైజ్ పేరుతో హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో జనాన్ని త్రీడీ స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు.

అడిగినవారు

అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు పోర్ట్‌ఫోలియో లేకుండా ఏం పంపాలి?

కేటలాగ్ స్టైలిస్ట్

తెల్లగోడ ముందు తీసిన ఫోన్ ఫొటోలు చాలు. ముందు, పక్క, వెనక ఒక్కోటి, మొహం దగ్గరగా ఒకటి. మేకప్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. కింద ఎత్తు, మూడు కొలతలు, చెప్పుల సైజు రాయి. నేరుగా బ్రాండ్లకి, బొటిక్‌లకి పంపు.

అడిగినవారు

మా ఇంట్లో తెల్లగోడ లేదక్కా. పక్కింటివాళ్ల డాబా మీద సున్నం వేసిన గది ఉంది, తమ్ముడు తీస్తానన్నాడు.

కేటలాగ్ స్టైలిస్ట్

బంగారంలా ఉంటుంది. ఎండ ఎక్కకముందే, 8 లోపు తీయించుకో. చెప్పులు విప్పి నిలబడు, ఎత్తు తెలియాలి. తీగ మీద ఆరేసిన బట్టలు ఫ్రేములోకి రాకుండా చూడమను, మొన్న ఒకమ్మాయి పంపిన ఫొటోలో మా డైరెక్టర్ మోడల్‌ని వదిలేసి వెనకున్న చీర ఎక్కడిదని అడిగాడు.