ఢాకా మొహమైనా చూడనివాళ్లకి ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బు పిచ్చి ఎలా పట్టింది? హైదరాబాద్ టీముకి అది ఎందుకు రాలేదు?

కొత్తగా_కోల్‌కతా:
ఉద్యోగం మారి జాదవ్‌పూర్ వైపు ఇల్లు తీసుకుని ఆరు నెలలైంది. మా ఓనరుకి అరవై దాటాయి, పుట్టింది పెరిగింది ఇక్కడే. వాళ్ల నాన్న దేశ విభజనప్పుడు బరిసాల్ (ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది) నుంచి వచ్చాడట, ఈయన మాత్రం ఆ ఊరు ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఈస్ట్ బెంగాల్ ఓడిన రోజు ఆయన్ని అద్దె గురించి కూడా పలకరించలేం. మొన్న ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి టీము మోహన్ బగాన్ మీద గెలిచిన మర్నాడు పొద్దున్నే ఇలిష్ చేప (అదే, మన పులస) కొనుక్కొచ్చి నాకూ రెండు ముక్కలు పంపించాడు. నేను గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లు రెండు చూశాను, జెర్సీ కూడా కొన్నాను, కానీ ఆ టీము ఊరొదిలి పోయినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఈ పిచ్చి అసలు ఎక్కడ మొదలవుతుంది?

మైదాన్_పక్షి:
మీ ఓనరు బాంగాల్, అంటే తూర్పు నుంచి వచ్చినవాళ్లు. ఇక్కడే తరతరాలుగా ఉన్నవాళ్లు ఘోటీలు, వాళ్ల టీము మోహన్ బగాన్, వాళ్ల చేప రొయ్య (రొయ్య చేప కాదని వాళ్లతో వాదించకండి). ఈ గొడవ విభజనకంటే పాతది. 1920లో మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి జోడాబగాన్ టీము తన ఆటగాడు శైలేష్ బోస్‌ని పక్కన పెడితే, తూర్పువాడని చిన్నచూపు చూశారని ఆ క్లబ్బు వైస్ ప్రెసిడెంట్ సురేష్ చంద్ర చౌధురికి ఒళ్లు మండి బయటికొచ్చేశాడు, కొద్ది రోజుల్లోనే ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టింది. అవతలివాళ్లకేమో 1911 ఉంది, ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ సోల్జర్ల టీముని 2-1తో కొట్టి ఐఎఫ్ఏ షీల్డ్ అనే పెద్ద టోర్నీ గెలుచుకున్నారు.

1947 తర్వాత లక్షలమంది వచ్చి పడ్డారు. మీరుంటున్న వైపు విజయగఢ్‌లాంటివన్నీ అప్పట్లో శరణార్థులు వేసుకున్న కాలనీలే. ఇల్లు పోయింది, పొలం పోయింది, యాస వింటే ఇక్కడివాళ్లు నవ్వేవాళ్లు. అలాంటప్పుడు పోయిన ఊరి పేరు మోస్తున్న టీము ఒకటి గెలుస్తుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నలభై ఏళ్లు హైదరాబాద్‌లో ఉన్నా మనం "మాది తెనాలి" అంటామే, వీళ్లకి అలా చెప్పుకుని పండక్కి వెళ్లడానికి ఊరు లేదు, క్లబ్బు మాత్రం ఉంది.

ఖరగ్‌పూర్_అమ్మాయి:
పైన చెప్పింది నిజమే కానీ అందరి కథా అది కాదండీ. మేము మూడు తరాలుగా ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్లం. ఘోటీలం కాదు, బాంగాల్ అసలే కాదు. అయినా మా నాన్న మోహన్ బగాన్ వీరాభిమాని. కారణం ఏంటంటే, మా వరసలో రేడియో ఉన్నది ఒక్క ఘోటీవాళ్ల క్వార్టర్‌లోనే. కామెంటరీ వినాలంటే వాళ్ల అరుగు మీద కూర్చోవాలి, వాళ్లిచ్చే టీ తాగుతూ అవతలి టీముకి చప్పట్లు కొడతామా? ఈస్ట్ బెంగాల్‌లోని మనవాళ్లని చూసైనా నాన్న అటు పోవాల్సింది. పంచపాండవులని పేరుపడ్డ ఈస్ట్ బెంగాల్ అయిదుగురు ఫార్వర్డ్‌లలో ఒకాయన పేరు అప్పారావు, తర్వాత 1957లో సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరాం కూడా అక్కడికే వెళ్లాడు. ఐనా నాన్న కదల్లేదు. రేడియో ఎవరిదో వాళ్ల టీమే మాది.

డెక్కన్_లెఫ్ట్‌వింగ్:
హైదరాబాద్ సంగతి నేను చెప్తా, నాకింకా కడుపు మండుతూనే ఉంది. 2019లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోని పుణె ఫ్రాంచైజీ మూతబడితే అది మన ఊరికొచ్చింది, మొదటి సీజన్‌లోనే ఆఖరి స్థానం. సరే, నిలదొక్కుకుంటుందిలే అనుకునేలోపు కోవిడ్ వచ్చింది. టీము పుంజుకుని కప్పు దాకా వెళ్లిన ఆ తర్వాతి రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి, మనం టీవీలో చూశాం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. స్టేడియమంతా పసుపే, అంతా కేరళవాళ్లే, తమాషా ఏంటంటే గ్రౌండ్‌లో ఆ రోజు పసుపు జెర్సీ వేసుకున్నది మనవాళ్లు! 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదే. నేను గదిలో ఒక్కడినే ఎగిరాను, పక్క ఫ్లాట్‌వాళ్లకి ఏం జరిగిందో కూడా తెలీదు. ఆ తర్వాత డబ్బు కష్టాలు, 2025లో ఢిల్లీకి చెక్కేసింది. పై అక్క చెప్పిన అరుగు మాకు ఎక్కడుంది? కప్పు గెలిస్తే అభిమానులు వాళ్లే పుట్టుకొస్తారనుకోవడం పొరపాటు బ్రో.

మైదాన్_పక్షి:
@డెక్కన్ ఒక్క మాట. ఫుట్‌బాల్ హైదరాబాద్‌కి కొత్త కాదు. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ హైదరాబాద్ సిటీ పోలీస్ గెలిచింది, కోచ్ రహీం సాబ్. 1962 జకార్తా ఏషియాడ్‌లో ఇండియా ఫుట్‌బాల్ బంగారం కూడా ఆయన చేతి చలవే. కానీ అది డిపార్ట్‌మెంట్ టీము. గర్వపడొచ్చు గానీ మామూలు మనిషి అందులో సభ్యుడు కాలేడు. ఇక్కడ మైదాన్‌లో (కోల్‌కతా నడిబొడ్డున ఉన్న పెద్ద మైదానం) క్లబ్బు టెంట్ ఉంటుంది, సభ్యత్వ కార్డుంటుంది, యాజమాన్యం వేలు పెడితే జనం ఊరుకోరు. 2020లో మోహన్ బగాన్ పేరు ముందు ఏటీకే అని, తనతో కలిసిన ఫ్రాంచైజీ పేరు తగిలిస్తే మూడేళ్లు గోల చేసి తీయించారు.

కొత్తగా_కోల్‌కతా:
అందరికీ థాంక్స్. పుస్తెలమ్మైనా పులస తినాలి అనేవాళ్లున్న జిల్లా నాది, కాబట్టి చేప లెక్కన నేను ఎటు పోవాలో తేలిపోయినట్టే. ఓనరు వచ్చే డెర్బీకి (ఈ రెండు టీముల మ్యాచ్) సాల్ట్ లేక్ స్టేడియానికి టికెట్ తీస్తానన్నాడు, మోహన్ బగాన్ రంగైన ఆకుపచ్చ చొక్కా వేసుకొస్తే మాత్రం బస్సు ఎక్కనివ్వనన్నాడు. ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు జెర్సీ ఇంకా కొనలేదు. పెట్టెలో హైదరాబాద్ పసుపుది ఉంది, ఈసారికి అదే వేసుకెళ్తా, సగం రంగు కలిసినట్టే కదా.