1996 కోనసీమ తుఫాను నాటి యూజ్‌నెట్ పోస్టులు ఎలా వెతకాలి?

అందరికీ నమస్కారం. 1996 నవంబర్ 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను గురించి మావాళ్ల జ్ఞాపకాలు పోగుచేస్తున్నాను. కూలిన కొబ్బరితోటలు, వేటకెళ్లి తిరిగిరాని పడవలు, ఈ సంగతులు ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు కబురు ఎలా అందిందన్నదే తేలట్లేదు.

అప్పటికి మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చి ఏడాది దాటిందంతే, అదీ పెద్ద నగరాల్లో. అమలాపురానికెక్కడిది! మా బాబాయి అమెరికాలో యూనివర్సిటీ ల్యాబ్‌లో కూర్చుని యూజ్‌నెట్‌లో (అప్పట్లో కంప్యూటర్ నెట్‌వర్కుల మీద నడిచిన చర్చా గుంపులు) 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు' గుంపు చూసేవారట. ఎవరికైనా ఇంటికి ఫోన్ కలిస్తే, ఆ చుట్టుపక్కల ఊళ్ల సంగతి కూడా నాలుగు ముక్కలు టైప్ చేసి పెట్టేవారట. పేపర్ వార్త కంటే వాటి కోసమే ఎక్కువ టెన్షన్‌గా చూసేవాళ్లమంటారు.

యూజ్‌నెట్ పోస్టులను దాచి వెతకనిచ్చిన డెజా న్యూస్ అనే సైటు దగ్గరున్న పాత పోస్టులను 2001లో గూగుల్ కొనేసింది కాబట్టి గూగుల్ గ్రూప్స్‌లో ఉండాలి. కానీ ఊరి పేరు కొడితే సంబంధం లేనివే వస్తున్నాయి. ఆ రోజుల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవారు మరి.

1996 నవంబర్ నెల వరకే వెతికే దారి ఉందా? ఏ స్పెల్లింగులు ప్రయత్నించాలి? ఆ పోస్టులు ప్రింట్ తీసి దాచుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడే చెప్పండి. పేర్లు కొట్టేసి ఇచ్చినా చాలు.