హెచ్81 బోర్డుకి తక్కువలో ఏ గ్రాఫిక్స్ కార్డు?

కొర్లగుంట_గేమర్:
అన్నలారా, నాది ఐ5-4590 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, జీటీఎక్స్ 750 టీఐ 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) క్యాబినెట్‌తో పాటే వచ్చింది, మీద 450 వాట్స్ అని రాసుంది. మానిటర్ పాతది, వీజీఏ పోర్టు ఒక్కటే. జీటీఏ 5 గేమ్ హై సెట్టింగ్‌లో ఆడాల. ఎనిమిది వేలు దాటితే నాయన ఇయ్యడు. సెకండ్‌హ్యాండ్ తీసుకోవచ్చా? తిరుపతిలో దొరుకుతుందా, చెన్నై పోవాల్నా?

చిత్తూరోడు77:
ఆర్ఎక్స్ 580 8 జీబీ. మాట్లాడే పనే లేదు. ఆరున్నర వేలకు తెచ్చుకున్నా, నాదీ నాలుగో జనరేషనే, జీటీఏ వెరీ హైలో ఆడతాండా. దీని ముందర 4 జీబీ కార్డులు పిల్లకాయల బొమ్మలు.

సర్వీస్_సామి:
ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడకుండా 580 అంటావేం అబ్బయ్యా? అదొక్కటే 185 వాట్లు తాగుతాది, 8 పిన్ పవర్ కేబుల్ కావాల. క్యాబినెట్‌తో వచ్చేదాంట్లో 450 అనేది పేరుకే. తమ్ముడూ, పక్క డోరు తీసి స్టిక్కర్ మీద +12వి కింద ఎన్ని ఆంపియర్లుందో చూడు. దాన్ని 12తో గుణించు, కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి నీకుండేది అంతే. 2004 నుంచి ఇదే పని నాది, పేలిన ఎస్‌ఎంపీఎస్‌లు మూటలు మూటలుండాయి. కొంచెం ఎక్కువైనా ఆర్ఎక్స్ 6400 కొత్తది తీసుకో. 53 వాట్లే, పవర్ కేబులే వద్దు, వారంటీ ఉంటాది.

బైరాగిపట్టెడ_బాస్:
సామీ, హెచ్81కి 6400 చెప్తారా? స్లాట్ నిండా కూర్చుంటుంది గానీ దానికి నడిచేది 4 లేన్లే, అంటే డేటా పోయే దారులు. హెచ్81లో పీసీఐఈ, అంటే కార్డు కూర్చునే స్లాట్, పాత 2.0 రకం. లేనుకి 500 ఎంబీ, అంటే మొత్తం సెకనుకి 2 జీబీ. అదే 4.0 బోర్డులో దగ్గర దగ్గర 8 వస్తుంది. కార్డులో 4 జీబీ నిండినాక టెక్స్‌చర్లు (గేమ్‌లో గోడలు, రోడ్ల మీది బొమ్మలు) ర్యామ్‌లోంచి ఆ సందులో దూరే రావాల. కారు మలుపు తిరిగినప్పుడల్లా గేమ్ ఆగి ఆగి పోతాది.

సర్వీస్_సామి:
4590లో పీసీఐఈ 3.0 ఉండాది. ఇంటెల్ సైటు చూసి రా పో.

బైరాగిపట్టెడ_బాస్:
ప్రాసెసర్‌లో ఉంటే చాలా, బోర్డు ఇయ్యాల గదా? బీ85, హెచ్87, జెడ్87కి 3.0 ఉంది. హెచ్81ని ఇంటెలే 2.0 దగ్గర కట్టేసింది. 750 టీఐ కూడా 3.0 కార్డే. జీపీయూ-జెడ్ అని కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో బస్ ఇంటర్‌ఫేస్ పక్కనుండే ప్రశ్న గుర్తు నొక్కి, రెండర్ టెస్ట్ పెట్టి చూడమనండి. టెస్ట్ పెట్టకపోతే 1.1 అని కూడా చూపిస్తాది, దాన్ని చూసి బెదరొద్దు.

సర్వీస్_సామి:
నువ్వు నిక్కర్లేసుకునే రోజుల్లో నేను పాతకాలం ఏజీపీ స్లాట్ కార్డులు మార్చినోణ్ణి. నాకు నేర్పొద్దు.

బైరాగిపట్టెడ_బాస్:
ఏజీపీకి దండం సామీ. అడిగింది హెచ్81 గురించి.

పీలేరు_పీసీ:
చిత్తూరోడన్నా, నీ 580లో షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న కోర్లు) 2304నా, 2048నా? 2048 అయితే అది 570 చిప్పే, పేరు మాత్రం 580. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఈథీరియం అనే క్రిప్టో మైనింగ్ ఆగిపోయినాక మార్కెట్లోకి కుప్పలుగా వచ్చిపడినాయి ఇట్లాంటివి.

చిత్తూరోడు77:
2048. అయితే ఏంది? నా గేమ్ నేను ఆడుకుంటాండా, నీకెందుకబ్బా నొప్పి?

జెట్_మెయిన్:
జీటీఎక్స్ 1650 అనే కార్డు ఒకటుందని ఎవరికీ గుర్తులేదా? 75 వాట్లు, 16 లేన్లు. కొన్ని మోడళ్లకి 6 పిన్ ఉంటుంది, అది లేనిది చూసుకో. 1050 టీఐ చవగ్గా వస్తుంది గానీ దానికీ, నీ 750 టీఐకీ ఎన్విడియా 2025 అక్టోబరుతో కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది. 2028 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లే. నేను 1650తోనే వాలరెంట్ గేమ్ ఆడతా, సుఖంగా ఉండా.

పీలేరు_పీసీ:
వాలరెంట్‌కి విండోస్ 11లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడగతాది. ఈ 4590కి విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరులో అయిపోయింది. ఈ డబ్బు దాచుకోని కొత్తగా రైజెన్ ప్రాసెసర్ సిస్టమ్ కొనుక్కోరాదా?

కొర్లగుంట_గేమర్:
రైజెన్‌కి డబ్బుంటే ఇక్కడెందుకు అడగతానన్నా? వాలరెంట్ నేను ఆడను కూడా. స్టిక్కర్ చూసినా, 12వి దగ్గర 16ఏ. ఫ్యాన్ జాలీలోంచి టార్చి వేస్తే లోపల బల్లి, ఎండి అతుక్కోని ఉండాది.

సర్వీస్_సామి:
192 వాట్లు! 4590కి 84, ఈ 580కి 185. కూడుకో. బల్లి కోసం ఆ పెట్టె విప్పొద్దు, కరెంటు పీకినా కెపాసిటర్లలో ఛార్జి ఉంటాది. ఆ ఎస్‌ఎంపీఎస్ పారేయి.

బైరాగిపట్టెడ_బాస్:
ఈ మాటకి నేనూ ఒప్పుకుంటా. 1650 పెట్టినా 159 అయింది, హార్డ్ డిస్కులు, ఫ్యాన్లు వేరే. మంచి కంపెనీ 450 కొత్తది తీసుకో, మిగిలినదాంట్లో కార్డు చూడు.

చిత్తూరోడు77:
మిగిలేదేముంది వాడి మొహం? ముందు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్ పో. పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి బేరంలో ఉంటావు.

జెట్_మెయిన్:
పోతే కార్డు అక్కడే సిస్టమ్‌లో పెట్టించి కార్డు మీద ఫుల్ లోడ్ వేసే ఫర్‌మార్క్ టెస్ట్ పావుగంట తిప్పించు. పాత జీటీఎస్ 450 కార్డులకి బయోస్ (లోపలుండే ప్రోగ్రామ్) మార్చి 1050 టీఐ అని అంటగట్టేవాళ్లుంటారు. జీపీయూ-జెడ్‌లో పేరు ముందర ఫేక్ అని పడితే లేచి వచ్చేయి.

కొర్లగుంట_గేమర్:
వీజీఏ గురించి ఒక్కరూ చెప్పరేం?

జెట్_మెయిన్:
1650కి వీజీఏ ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి కన్వర్టర్ కొను, మూడు నాలుగొందలు. లోపల చిప్ ఉండేదే పనిచేస్తుంది, ఉత్త కేబుల్ కొనుక్కోవద్దు.

పీలేరు_పీసీ:
తమ్ముడూ, కార్డు మార్చినాక 750 టీఐ అమ్ముతావా? మా పిన్ని కొడుక్కి కావాల.

కొర్లగుంట_గేమర్:
పదిహేనొందలు.

పీలేరు_పీసీ:
ఎనిమిదొందలు. డ్రైవర్లు కూడా ఆగిపోయినాయంట గదా.

కొర్లగుంట_గేమర్:
వెయ్యికి తగ్గను. బస్టాండు కాడికి నువ్వే రావాల.