హాలుకి ఐవరీయా, గ్రే కలిసిన ఆఫ్ వైటా?

నల్లగండ్లలో టూ బీహెచ్‌కే, హాలు పడమర వైపు, పెద్ద బాల్కనీ. పుట్టీ, ప్రైమర్ అయిపోయాయి, పెయింటర్ రేపే షేడ్ చెప్పమంటున్నాడు. ఐవరీ ఒకటి, లోపల కాస్త గ్రే ఉన్న ఆఫ్ వైట్ ఒకటి, ఈ రెండింటి దగ్గరే ఆగిపోయాం. కార్డులో పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలీట్లేదు, మా ఆవిడకేమో ఐవరీ ఇష్టం, నాకది కొత్తగా వేసినా పాతబడ్డ గోడలాగే అనిపిస్తోంది. ఫ్లోర్ క్రీమ్ కలర్ విట్రిఫైడ్ టైల్స్, తలుపులు టేకు. కాస్త చెప్పండి.

జవాబు 1
పడమర హాలంటే గ్రేదే వేస్కో అన్నా. ఐవరీలో ఎట్లాగూ పసుపు ఉంటది, సాయంత్రం ఎండ పడి, కింద నుంచి టైల్స్ క్రీమ్ కూడా కొడితే గోడంతా వెన్న రంగైపోతది. అదే ఉత్తరం రూమైతే ఐవరీయే చెప్దును, అక్కడ నేరుగా ఎండ పెద్దగా రాదు, గ్రే ఇంకా డల్ కొడతది.

జవాబు 2
ఎండ సంగతి సరే గానీ రాత్రి ఏ లైట్లు వేస్తారండీ? 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీలైతే ఆ గ్రే హాస్పిటల్ వార్డులా ఉంటుంది, 3000 వార్మ్ అయితే బానే ఉంటుంది. ఇంకోటి, సీలింగ్ తెల్లటి తెలుపు వేయిస్తే దాని పక్కన ఐవరీ ఇంకా పసుపుగా తెలుస్తుంది, మా ఇంట్లో తెల్ల స్విచ్‌బోర్డుల చుట్టూ గోడ చూస్తే మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయినా ఆవిడ మాట వినండి, రోజంతా ఆ గోడలు చూసేది ఎవరో మరి 😀

జవాబు 3
కార్డు చూసి ఫైనల్ చేయకండి. చార్ట్ పేపర్ మీద అంచు తెల్లగా వదిలేసి రెండు కోట్లు వేసి, పొద్దున, సాయంత్రం, లైట్లేసినాక గోడలు మార్చి మార్చి పెట్టి చూడండి, అదీ ఆరినాకే, ఎమల్షన్ తడి మీద ఒకలా ఆరినాక కాస్త ముదురుగా ఉంటది. మెషిన్లో రంగు కలిపినాక షాపోడు వాపస్ తీస్కోడు.

అడిగినాయన
లైట్లు 6500వే అండీ, అన్నీ బిగించేశారు. పెయింటర్‌ని రెండ్రోజులు ఆగమన్నా, గొణుగుతున్నాడు. శాంపిల్‌కి లీటర్ డబ్బానే కొనాలా?

జవాబు 3
కొన్ని కంపెనీలకి 200 ఎంఎల్ శాంపిల్ ఉంటది, అడగండి. లేకపోతే లీటరే తీస్కోండి, ఫైనల్ చేసిన షేడ్‌ది టచప్‌కి పనికొస్తది. బల్బులు మార్చడం గోడ మార్చడం కంటే చవక, ఒక వార్మ్ బల్బు పెట్టి కూడా చూడండి.