ఉగాది వేడుక: పొగబండి పొడుపు కథలకు పని పంపకాలు

(ఇంగ్లండులోని యార్క్‌లో ఉగాది చేసుకునే తెలుగువాళ్ళ గ్రూపులో మాటలివి. మాట్లాడేవాళ్ళ పేర్ల బదులు వాళ్ళ సొంత ఊళ్ళు ఉన్నాయి.)

గుంతకల్లు:
అందరికీ నమస్తే. యార్క్‌లో మన ఉగాదికి ఇంకా నాలుగు వారాలే ఉంది. నేను సెలవు మీద గుంతకల్లులో ఉన్నాను, ఇంకో పది రోజులు ఇక్కడే. పోయినేడాది క్విజ్ సంగతి గుర్తుంది కదా. స్క్రీన్ మీద ఫొటో పడగానే పిల్లలు ఫోన్లు ఎత్తారు, అర నిమిషంలో జవాబు వచ్చేసింది. పెద్దవాళ్ళేమో కాఫీ దగ్గర చేరి మళ్ళీ ఇటు రాలేదు. అందుకే ఈసారి ఫొటోలు వద్దు, పొడుపు కథలు పెడదాం. సగం స్టీమ్ ఇంజన్ల మీద, సగం మన పాత మూడు జిల్లాల (అనంతపురం, కర్నూలు, కడప) స్టేషన్ల మీద. మైకులో రెండుసార్లు చదువుతాం, విని విప్పాలి. ఒక్కో బల్ల దగ్గర ఒక పెద్ద తల, ఇద్దరు పిల్లలు కచ్చితంగా ఉండాలి.

మా నాయన ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరైన మనిషి. ఆయన్ను అడిగితే మొదట విసుక్కున్నాడు. రాత్రి భోజనమయ్యాక తనే మొదలుపెట్టాడు: "మేత నలుపు, కడుపు ఎరుపు, ఊపిరి తెలుపు." పొగ నలుపు కదా నాయనా అన్నాను. "నల్లపొగ వస్తే బొగ్గు సరిగ్గా కాలలేదని లెక్క. కొత్తోడు పార నిండా తీసి ఒకే చోట గుమ్మరిస్తాడు, అప్పుడొస్తుంది అది. పల్చగా చల్లాలి. తెల్లగా పోయేది ఆవిరి" అన్నాడు. ఆట దీంతోనే మొదలు. మీరూ తలా రెండు రాసి ఇక్కడ పెట్టండి.

గుత్తి:
అక్కా, మా ఊరిది రాసినా. "వంకాయకు నేను కావాలి, తాళాలకు నేను కావాలి. కొండ మీద కోట, కోట కింద స్టేషను. మన్రో దొరను మొదట పూడ్చింది నా దగ్గరే."

కడప:
మొదటి మాటకే దొరికిపోతుంది తమ్ముడూ, గుత్తి వంకాయ ఎవరికి తెలియదు! మన్రో మాత్రం ఇక్కడ పుట్టిన పిల్లలకు ఎట్లా తెలుస్తాడు?

గుత్తి:
పిల్లలకు కాదు వదినా, పక్కన కూర్చున్న తాతకు. మద్రాసు గవర్నరుగా ఉంటూ 1827లో పత్తికొండలో కలరాతో పోయినాడు, గుత్తిలో పూడ్చినారు, తర్వాత మద్రాసు కోటకు మార్చినారు. మా ఇంట్లో ఈ కథ చెప్పకుండా ఒక్క చుట్టాన్నీ పంపరు.

గుంతకల్లు:
అయితే వరస తిప్పు. మన్రో ముందు, వంకాయ చివర. మన్రోకే చెప్పినవాళ్ళకు పది, వంకాయ దాకా ఆగినవాళ్ళకు ఐదు. అన్ని పొడుపులూ ఇట్లాగే కష్టం నుంచి సులువుకు దిగాలి.

డోన్:
నావి రెండు. "అర్జునుడి గురువు కొండెక్కాడు, దొరల నోట్లో పడి సగమయ్యాడు." ద్రోణాచలం అన్నా, డోన్ అన్నా మార్కు ఇవ్వాలి, ముందే చెబుతున్నా. రెండోది ఇంజను: "తూటా ముక్కు, ముక్కు మీద చుక్క. నంద్యాల దాటి నల్లమల సొరంగంలో దూరాను." జవాబు డబ్ల్యూపీ.

గుంతకల్లు:
మొదటిది అద్భుతం అన్నా. రెండోది నాయనకు చదివి వినిపిస్తే తినే ముద్ద ఆపి నవ్వాడు. ఆ దారి అప్పట్లో మీటర్ గేజ్ (ఇరుకు పట్టాలు), 1990ల్లో గానీ బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాలు) కాలేదు. డబ్ల్యూపీ చక్రాలకు 1,676 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, అక్కడున్న పట్టాల ఎడం వెయ్యే. "ఒక పక్క పట్టా మీద పెడితే ఇంకో పక్క కంకర మీద దిగుతుంది" అన్నాడు. పేరులోనే ఉంది గుట్టు: డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్, పీ అంటే ప్యాసింజరు, జీ అంటే గూడ్స్. నల్లమలకు వైపీ, వైజీలు పెట్టుకో. తూటా ముక్కును మద్రాసు–బొంబాయి దారిలో నడుపు, అది 1871లో రాయచూరు దగ్గర కలిసినప్పటి నుంచీ బ్రాడ్ గేజే.

ఇదొక్కటి అందరూ గట్టిగా చూసుకోండి. పొడుపు ఎంత మెలిక తిరిగినా ఫర్వాలేదు, అబద్ధం మాత్రం ఉండకూడదు. తెలిసినవాడే తప్పు జవాబు చెప్పేట్టు చేస్తే అది ఆట కాదు, మోసం.

డోన్:
ఒప్పుకున్నా. సొరంగం బదులు వంతెన తీసుకుంటా. "దొర ఉన్నాడు, బావి ఉంది, తోడుకునేవాడు లేడు. పట్టాలు వెడల్పయ్యాక నన్నొదిలేసి వేరే దారి పట్టారు." నల్లమలలోని దొరబావి వంతెన.

కడప:
ఇప్పుడు మావి. "ఏడుకొండలకు పోయేవాడు దాటేదాన్ని. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలతో ఉండేదాన్ని, 2005లో ఆరుకు చిక్కిపోయా." గడప లాంటి మా కడపే. ఇంకోటి: "సంగటి కలిపి చేత్తో చేసిపెట్టు, పక్కనే ఊరు. నా పొరుగువాడు ఇప్పటికీ బొగ్గే తింటాడు, కానీ కూత పెట్టడు." థర్మల్ కేంద్రం గుర్తొస్తే ముద్దనూరు వచ్చినట్టే. బుజ్జి పిల్లలకు రైల్వే కోడూరు ఒకటి ఉంచండి, పాపం వాళ్ళూ గెలవాలి కదా.

మా పాప కూడా ఒకటి చెప్పింది, తెలుగు నేను సరిచేశా. "ఈత కొట్టాల్సిన బాతును, పట్టాల మీద పరిగెత్తా. 1938లో గంటకు 126 మైళ్ళు. ఇప్పుడు మీ ఊళ్ళోనే ఊరకే కూర్చున్నా." యార్క్ రైలు మ్యూజియంలోని మాలార్డ్ ఇంజను. మాలార్డ్ అంటే ఒక రకం బాతు.

గుంతకల్లు:
పాపకు నా తరఫున ఒక ఓళిగ ఎక్కువ. "ఊరకే కూర్చున్నా" అన్న మాట దగ్గర నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

గుత్తి:
నాదింకోటి. "చిత్తరంజన్‌లో 1970లో పుట్టా. పేరులో చివరి చుక్కను, నిజంగా చివరిదాన్ని కాను." అంతిమ్ సితారా, అంటే హిందీలో చివరి చుక్క. బ్రాడ్ గేజ్‌కు అదే ఆఖరు స్టీమ్ ఇంజను, కానీ మీటర్ గేజ్ వైజీలు 1972 దాకా తయారైనాయి.

గుంతకల్లు:
ఇదీ పొడుపంటే. మా ఊరికి నేను కట్టింది: "గుంతలో కల్లు, తాగినోడికి ఐదు దారులు." రాయచూరు, బళ్ళారి, గుత్తి, అనంతపురం, డోన్ వైపులు.

ఆదోని:
పండగ పూట పిల్లల ముందు కల్లేందమ్మా?

గుంతకల్లు:
కన్నడంలో కల్లంటే రాయి మామా, జవాబు చెప్పేటప్పుడు అది కూడా చెబుతాం. మీకు వంట అప్పగిస్తున్నా. పొద్దున ఉగ్గాణి, బజ్జీ. మధ్యాహ్నం ఓళిగలు. హాల్ తాళం పది గంటలకే తీసుకోవాలి, పోయినసారి లాగా గంటసేపు చలిలో నిలబడలేం. డోన్ అన్న మైకు, గుత్తి తమ్ముడు మార్కుల పలక. వదిన గుమ్మం దగ్గర బుట్ట పెట్టి ఫోన్లు వసూలు చేయాలి.

కడప:
మా ఆయన ఫోను నేనెట్లా లాక్కునేది! అయినా ఒక్క మాట. ఆయన ఆడతానంటున్నాడు, ఆయన కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడు. ఇంకా ముప్పై మంది ఉన్నారు. మనం జవాబులతో సహా అన్నీ ఇక్కడే రాసేశాం.

డోన్:
అయిపోయింది.

గుంతకల్లు:
నా బుద్ధికి ఏం చెప్పాలి. సరే, పైనవన్నీ మచ్చుకు అనుకోండి. కొత్తవి నాకు విడిగా పంపండి, ఒక్కొక్కరు మూడు, ఆదివారం లోపల. నాయన ఇప్పటికే పాత డైరీలో పదకొండు రాశాడు, నాక్కూడా చూపించడం లేదు.

పని సంగతి అడిగితే ఆయన ఇంకో మాటన్నాడు. డబ్ల్యూపీకి చక్రాలు 4-6-2: ముందు నాలుగు దారి చూస్తాయి, మధ్య ఆరు లాగుతాయి, వెనక రెండు బరువు మోస్తూ వస్తాయి. మనకు లాగే ఆరుగురిలో ఇంకా ఇద్దరు తక్కువ. కుర్చీలు సర్దడానికి ఎవరొస్తారు?

ఆదోని:
మా ఇద్దరు కొడుకులను రాసుకో. ఫోన్లు ముందే లాక్కుంటా.